గోడమీది గోదారి

రెండొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో రేకుల మీద చెక్కి అచ్చు తీసిన ప్రకృతి చిత్రాలకూ, గోదావరి పక్కనున్న రాయవరానికీ సంబంధం ఏమిటి? ఓ పాత పెంకుటింటి గోడకు వేలాడిన పటం వెంట వెళ్తే ఆ కథ తెలిసింది.

'ఇల్లు పడగొట్టేస్తున్నామమ్మా. నీకేమైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లు' అని మావయ్య ఫోన్ చేశాడు. సంక్రాంతికి ఇంకా పది రోజులుంది.

రాయవరంలో అమ్మమ్మ వాళ్లది మండువా లోగిలి. పెంకులు జారిపోయి, దూలాలకు చెద పట్టి చాలా ఏళ్లయింది. బాగు చేయించడం కన్నా డాబా వేసుకోవడమే నయమని అందరూ తేల్చేశారు. అమ్మమ్మని ముందే రాజమండ్రిలో మా ఇంటికి తీసుకొచ్చేశాం. ఇత్తడి బిందెలు, పందిరిమంచం, ఆవకాయ జాడీలు... ఎవరికి కావాల్సినవి వాళ్లు అప్పటికే పంచేసుకున్నారు. 'కావాలంటే' అనగానే నాకు గుర్తొచ్చింది మాత్రం ఒక్కటే. వసారాలో గడియారం పక్కన వేలాడే చిన్న పటం.

రంగులుండవు. అంతా నలుపూ తెలుపే. ఓ నది, నది మీద ఓ పడవ. అవతలి గట్టున చెట్లు, చెట్ల మధ్య విరిగిన గోపురం లాంటిదేదో. బొమ్మలో మూడొంతులు ఆకాశమే. మబ్బుల సందులోంచి ఒక్కచోట వెలుగు జారి నీళ్లమీద పడుతుంది. ఇవతలి గట్టున ఎవరో ఒక మనిషి. మనవైపు వీపు పెట్టి, పడవకేసి చూస్తూ ఉంటాడు.

'అదేంటి అమ్మమ్మా?' అని వేసవి సెలవులకు వెళ్లిన పిల్లలం ఎప్పుడడిగినా ఒకటే జవాబు. 'కోటిపల్లి రేవు. మంచు పట్టింది కదా, గుడి సగమే కనపడతంది.'

మేమంతా నమ్మేశాం. ఆ నిలబడ్డ మనిషి ఎవరన్నదాని మీద మాత్రం రోజూ కొట్లాటే. దొంగని తమ్ముడు, పడవ తప్పిపోయిన పంతులుగారని నేను.

ఆయ్, ఎక్కండి!

రాజమండ్రిలో తెల్లవారుజామున బస్సెక్కి మండపేటలో దిగేసరికి ఎదుట ఏమీ కనిపించలేదు. అంత మంచు. 'రాయవరం వస్తావా బాబూ?' అంటే, 'ఆయ్, ఎక్కండి' అన్న గొంతు వినిపించాకే ఆటో కనిపించింది!

కోనసీమ అని మనం గబుక్కున అనేస్తాంగానీ, అసలు సిసలు కోనసీమవాళ్లు రాయవరాన్ని అందులో కలపరు. గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్నదే కోనసీమ అంటారు. రాయవరం గౌతమికి ఇవతలి ఒడ్డున ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కోనసీమ జిల్లాలో చేర్చారు. పేరు ఏదైతేనేం... కాలువ గట్లు, వాటి పక్కన కొబ్బరిచెట్లు, అటూ ఇటూ వరిచేలు. దాళ్వా నాట్ల కోసం దమ్ము చేసిన మళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లమీద పొగలా మంచు.

ఆటోలోంచి చూస్తుంటే ఒక సంగతి గమనించాను. రోడ్డు పక్కనున్న కొబ్బరిచెట్టు నల్లగా, ఆకు ఆకూ విడివిడిగా కనిపిస్తోంది. చేనుకు అవతల ఉన్న చెట్లు బూడిద రంగులో ఉన్నాయి. వాటికి ఆవలివి ఇంకా పల్చన. ఆ తర్వాత ఆకాశమేదో చెట్టేదో తెలీదు. దారిలో మూతపడ్డ రైసుమిల్లు ఒకటుంది. దాని ఇటుక గొట్టం పైభాగం కూలిపోయి, పగుల్లోంచి రావి మొక్క మొలిచింది. ఆ గొట్టం కింద ఎవరో తలకు మఫ్లరు చుట్టుకుని, సైకిలు ఆపి, చేనుకేసి చూస్తూ నిలబడ్డారు. మా వైపు వీపు పెట్టి.

అచ్చం పటమే!

ఇంటికెళ్లేసరికి వసారా సగం ఖాళీ. గడియారం లేదు, దాని మేకు మాత్రం ఉంది. పటం అక్కడే ఉంది. తీస్తే వెనకాల గోడ మీద చదరంగా తెల్లటి మచ్చ. అన్నేళ్లు సున్నాలు వేసినా ఆ చోటు ఎవరూ ముట్టుకోలేదు.

'అదా నీకు కావాల్సింది? ఇంకా వీధి గుమ్మం తలుపులు అడుగుతావనుకున్నాను' అని మావయ్య నవ్వాడు. తాతయ్య రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాలవాడి దగ్గర అణాకో అర్ధణాకో కొన్న ఇంగ్లిషు పుస్తకంలోంచి కత్తిరించి పటం కట్టించాడని చెప్పాడు. పుస్తకం ఎప్పుడో చెదలపాలైంది.

సిరా తగలని చోటే వెలుగు

తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో నాకు తెలిసిన డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్లాను. రిటైరై చాలా కాలమైంది. ఆయన చట్రం వెనక మేకులు ఊడదీసి, కాగితాన్ని బయటికి తీసి, భూతద్దం నా చేతికిచ్చారు. 'ఆకాశం చూడు' అన్నారు.

చూస్తే ఆకాశం లేదు! వందల గీతలున్నాయి. వెంట్రుకకన్నా సన్నగా, ఒకదాని పక్కన ఒకటి. మబ్బు ఉన్నచోట గీతలు దగ్గరికి వచ్చాయి. వెలుగున్నచోట దూరం జరిగాయి. నీళ్లమీద మెరుపు ఉన్నచోట అసలు గీతే లేదు.

'తెల్ల సిరా అనేది వీళ్లకి లేదమ్మా. వెలుగంటే సిరా తగలని కాగితమే' అన్నారు మాస్టారు.

ఫొటోలు లేని కాలంలో ఒక చోటు ఎలా ఉంటుందో నలుగురికీ చూపించాలంటే ఇదే దారి. చిత్రకారుడు రంగుల్లో వేస్తాడు. చెక్కేవాడు దాన్ని లోహపు రేకు మీద గీతల్లోకి దింపుతాడు. గీతల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పెట్టి యంత్రంలో నొక్కితే బొమ్మ వస్తుంది. ఇందులో చాలా పద్ధతులున్నాయి. మెజోటింట్ అనే దాంట్లో ముందు రాగిరేకునంతా పళ్లున్న పనిముట్టుతో గరుకు చేసేస్తారు. అలాగే అచ్చు తీస్తే కాగితమంతా కటిక నలుపు. ఆ నలుపులో ఎక్కడ వెలుగు కావాలో అక్కడ గీకి, నున్నగా రుద్దుతారు. అంటే చీకట్లోంచి తెల్లవారడం లాంటిదన్నమాట! ఆక్వాటింట్‌లో రేకు మీద గుగ్గిలం లాంటి పొడి అద్ది ఆమ్లంలో ముంచుతారు. ఎక్కువసేపు ముంచిన భాగం నల్లగా, తక్కువసేపు ముంచింది పల్చగా వస్తుంది. దూరపు కొండలకు ఒక ముంపు, దగ్గరి చెట్లకు నాలుగు ముంపులు. రాయవరం దారిలో మంచు కొబ్బరిచెట్లకు చేసిన పని సరిగ్గా ఇదే.

1820ల తర్వాత రాగి బదులు ఉక్కురేకులు వాడకంలోకి వచ్చాయి. రాగి మెత్తన, కొన్ని వందల ప్రతులకే అరిగిపోతుంది. ఉక్కు వేల ప్రతులకు ఆగుతుంది. దాంతో గొప్పవాళ్ల ఇళ్లలో మాత్రమే ఉండే బొమ్మలు మామూలు ఇళ్లకూ చేరాయి. కొత్త సంవత్సరం కానుకలుగా ఇచ్చుకునే పుస్తకాల్లో ఎక్కాయి. ఆ సన్నటి గీతలు చూసి, మా తాతయ్య కొన్నదీ అలాంటి పుస్తకంలోదేననీ, 1830ల నాటి పని అయి ఉంటుందనీ మాస్టారి అంచనా.

'ఏ ఊరండీ ఇది?'

'ఊరి పేరు కింద వేస్తారమ్మా. ఎడమ పక్క బొమ్మ వేసినవాడి పేరు, కుడి పక్క చెక్కినవాడి పేరు. పటం కట్టినవాడు చట్రానికి సరిపెట్టడానికి ఆ కింది ముక్క కత్తిరించి పారేశాడు' అన్నారాయన.

సుత్తి దెబ్బ తగిలితే అందం!

ఆ కాలాన్ని రొమాంటిక్ యుగం అంటారు. ఇంగ్లిషు పాఠాల్లో వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ అని మనం చదువుకున్న కవుల కాలమే. మన భావకవుల మీదా వాళ్ల ప్రభావం ఉంది. ప్రకృతిని చూస్తే మనసులో ఏదో కదలాలి. దిగులో, భయమో, ఎప్పటిదో జ్ఞాపకమో... చిత్రకారులూ చెక్కేవాళ్లూ దానికోసమే తాపత్రయపడ్డారు.

అందుకు కొన్ని చిట్కాలు ఉండేవి. బొమ్మలో ముందు భాగం చీకటిగా ఉంచాలి. అప్పుడు చూపు దానంతటదే లోపలి వెలుగు వైపు వెళ్తుంది. నేలను కిందికి దించి ఆకాశానికి చోటివ్వాలి. మనిషిని చిన్నగా వేయాలి. పాడుబడ్డ కట్టడం ఒకటుంటే మరీ మంచిది. విలియం గిల్పిన్ అనే ఆంగ్లేయ మతగురువు 1782లో వై నది మీద ప్రయాణం గురించి పుస్తకం రాశాడు. టింటర్న్ అనే చోట పాడుబడ్డ ఆశ్రమం చూసి, గోడల కొసలు మరీ తిన్నగా ఉన్నాయి, సుత్తి పుచ్చుకుని తగినట్టు విరగ్గొడితే బాగుంటుందన్నాడాయన! ప్రయాణికులు నల్లటి చిన్న అద్దం ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవారు. అందమైన చోటు రాగానే దానికి వీపు తిప్పి, అద్దంలో చూసుకునేవారు. రంగులన్నీ తగ్గి, బొమ్మలా కనిపించేదట. ఇప్పుడు మనం సెల్‌ఫోను పట్టుకుని నయాగరాకు వీపు తిప్పడం లేదూ? అదీ ఇంతే.

ఈ పనిలో అందరికన్నా పెద్ద పేరు టర్నర్‌ది. తన బొమ్మలు చెక్కేవాళ్లను కుదురుగా ఉండనిచ్చేవాడు కాదు. నమూనా ప్రతులు తెప్పించుకుని ఇక్కడ వెలుగు చాలదు, అక్కడ నలుపు ఎక్కువైందని గుర్తులు పెట్టి తిప్పి పంపేవాడు. 1836-38 మధ్య వెలువడిన హిమాలయ దృశ్యాల పుస్తకంలో ఆయన బొమ్మలున్నాయి. అలాగని టర్నర్ మన దేశం ఎప్పుడూ రాలేదు. వైట్ అనే సైనికాధికారి గీసుకొచ్చిన చిత్తు బొమ్మలు ముందు పెట్టుకుని, లండన్‌లో కూర్చుని హిమాలయాలకు మబ్బులు పట్టించాడు!

ఇటు ఎవరూ రాలేదు

మరి మన గోదారిని ఎవరైనా చెక్కారా? నాకు పుట్టిన మొదటి ప్రశ్న అదే.

భారతదేశాన్ని ఇలా బొమ్మల్లోకి ఎక్కించినవాళ్లలో థామస్ డానియెల్, అతని సోదరుడి కొడుకు విలియం ముఖ్యులు. 1786లో కలకత్తాలో దిగారు. ఏళ్ల తరబడి తిరిగారు. దక్షిణాదిలో మద్రాసు నుంచి మైసూరు వైపు, మదురై, రామేశ్వరం వైపు వెళ్లారు. ఇంగ్లండు చేరాక 1795 నుంచి 1808 వరకు 144 ఆక్వాటింట్ చిత్రాలు తెచ్చారు. కోటలు, జలపాతాలు, కొండలు, గుళ్లు... గోదావరి డెల్టా అందులో లేదు. వాళ్ల లెక్కలో ఇక్కడేముంది? కొండ లేదు, కోట లేదు. చదునైన నేల, నీళ్లు.

ఆ బొమ్మల పుస్తకాలు లండన్ ఇళ్లలో కానుకలుగా చేతులు మారుతున్న 1830ల్లో ఇక్కడేం జరుగుతోందో తెలుసుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1832-33లో కరువు. గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు, నందన కరువు అని మన పెద్దలు చెప్పుకున్నది అదే. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచేసింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరవయ్యేళ్లలో నాలుగోవంతు మంది లేకుండా పోయారు. చచ్చిపోయినవాళ్లు చచ్చిపోగా మిగిలినవాళ్లు ఊళ్లొదిలి వెళ్లిపోయారు. పాడుబడ్డ ఇళ్లు కావాలంటే ఇక్కడ బోలెడున్నాయి. ఏ గిల్పిన్ సుత్తీ అక్కర్లేదు.

ఆ తర్వాతే ఆర్థర్ కాటన్ వచ్చాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852కి పూర్తయింది. కాలువలు సాగాయి. నేను ఆటోలోంచి చూసిన దమ్ము మళ్లూ, రెండు పంటల పచ్చదనమూ, గట్ల మీద వరసలూ ఆ తర్వాత వచ్చినవే. ఇప్పుడు మనం 'అబ్బ, ఎంత ప్రకృతి!' అని కెమెరా తీసే ఈ దృశ్యం చాలావరకు మనుషులు తట్టలు మోసి, మట్టి తవ్వి తయారు చేసిందే.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మంచు పట్టిన మంచి బొమ్మ ఏదైనా సరే, ఎంతో చూపిస్తుంది, ఎంతో దాచేస్తుంది కూడా. ఆ బొమ్మల్లో చిన్నగా, వీపు తిప్పి నిలబడ్డ మనుషుల ఆకలి మనకు కనిపించదు.

మనవాళ్లు వేసిన గోదారి

మాస్టారి దగ్గర్నుంచి దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లాను. రాజమండ్రిలో ఉంటూ ఇన్నాళ్లూ ఎప్పుడో ఒకసారి తప్ప చూడలేదు. సిగ్గే.

1897లో రాజమండ్రిలో పుట్టాడు దామెర్ల. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టాడు. కూల్డ్రే కూడా చిత్రకారుడే. అడివి బాపిరాజుకూ ఆయనే గురువు. ఈ నేల జ్ఞాపకాలతో 1924లో పుస్తకం కూడా తెచ్చాడు. దామెర్ల బొంబాయి జె.జె. స్కూలులో చదివి వచ్చి, 1923లో సొంతూళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి సోకి పోయాడు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. మనుషుల బొమ్మలకు పేరు తెచ్చుకున్నా ప్రకృతి దృశ్యాలూ వేశాడు. వాటి ముందు నిలబడితే అర్థమవుతుంది. దూరదేశం నుంచి వచ్చి అబ్బురపడిన చూపు కాదది. పొద్దున్నే లేచి గట్టు మీదికెళ్లి ఆ నీళ్లలోనే స్నానం చేసినవాడి చూపు.

రాయవరానికి ఆనుకుని ఉన్న పసలపూడిని తీసుకోండి. అదే మండలం. దర్శకుడు వంశీ ఆ ఊరి కథలు రాస్తే బాపు బొమ్మలు వేశారు. అవి చూసినవాళ్లకు తెలుస్తుంది. అటొక గీత, ఇటొక గీత. మధ్యలో వదిలేసిన తెల్లకాగితమే కాలువ. 'వెలుగంటే సిరా తగలని కాగితమే' అని మాస్టారు అన్నది అప్పుడు నాకు ఇంకోసారి గుర్తొచ్చింది.

ఇంతకీ ఆ మనిషెవరు?

ఇంటికెళ్లేసరికి అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్లు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది.

'తెచ్చావా నా కోటిపల్లి రేవు?' అంది.

ఒళ్లో పెట్టాను. చీర కొంగుతో అద్దం తుడిచింది. నాకు ఇరకాటం. భూతద్దం, ఉక్కురేకు, 1830లు... ఇదంతా తెలుసుకుని వచ్చాను కదా. చెప్పాలా వద్దా? చివరికి ఉండబట్టలేక అనేశాను. 'అమ్మమ్మా, ఇది మన గోదారి కాదంట. ఏదో ఇంగ్లిషువాళ్ల నది.'

'నాకు తెల్సే. కొన్నప్పుడే చెప్పారు మీ తాతయ్య' అంది నింపాదిగా.

నేను తెల్లబోయాను.

'మాది ముక్తేశ్వరం కదే. పెళ్లయ్యాక అత్తారింటికి రావాలంటే గోదారి దాటాలి. పుష్యమాసం. తెల్లారకుండానే పడవెక్కించారు. ఇదిగో, ఈ పడవలో ఉన్నాను నేను' అని వేలు పెట్టి చూపించింది. ఆ వేలు నెమ్మదిగా ఇవతలి గట్టుకు జరిగింది. 'ఈయన మా నాన్న. పడవ దూరమయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఏడిచాడో లేదో నాకు కనపళ్లేదు, మంచు. మీ తాతయ్య ఈ పటం గోడకి తగిలించిన రోజు చూస్తే... మొహం కనపడదుగా, ఆయనే అనిపించింది. ఆ రెండేళ్లకే పోయాడు. ఫొటో అన్నా లేదు ఆయనకి.'

టర్నర్ మన దేశం రాకుండానే హిమాలయాలు చిత్రించాడు. మా అమ్మమ్మ సముద్రం దాటకుండానే ఏదో దేశపు నదిలో పడవెక్కింది. ఆ మనిషి ఎందుకు వీపు తిప్పి నిలబడతాడో ఏ పుస్తకమూ నాకు ఇంత బాగా చెప్పలేదు.

'కిటికీ ఎదురుగా తగిలించకు. ఎండ తగిల్తే వెలిసిపోద్ది' అంది అమ్మమ్మ, పటం నా చేతికిస్తూ.

హాల్లో ఎండ పడని గోడ చూసి మేకు కొట్టాను. తమ్ముడికి ఫోన్ చేసి, మన దొంగ ఎవరో తెలిసిందని చెప్పాను.

ఎలా వెళ్లాలి?

రాజమండ్రి నుంచి మండపేట మీదుగా రాయవరం వెళ్లొచ్చు. రామచంద్రపురం వైపు నుంచీ రావచ్చు. అనపర్తి, ద్వారపూడి దగ్గర్లోని రైల్వేస్టేషన్లు. మంచు చూడాలంటే ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాకా మంచి సమయం. అదీ సూర్యోదయానికి ముందే చేరుకోవాలి. అదే ప్రయాణంలో పసలపూడి, బిక్కవోలులోని చాళుక్యుల కాలపు ఆలయాలు, ద్రాక్షారామం, కోటిపల్లి రేవు చూసుకోవచ్చు. తిరుగుదారిలో ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, రాజమండ్రిలో దామెర్ల చిత్రశాల మర్చిపోవద్దు.